హనుమకొండలో మీటింగు పెడతానన్న బిడ్డకు

బిడ్డా,

హనుమకొండలో నెలనెలా మనవాళ్ళ మీటింగు, అంటే ఆడవాళ్ళని ప్రేమించే ఆడవాళ్ళు, మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళు, ట్రాన్స్ మనుషులు కలిసే చోటు, మొదలుపెడతానని నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ చిన్నమ్మ మళ్ళీ మళ్ళీ వింది. "మనం ఊరు వదిలొచ్చి వెతుక్కున్నదాన్ని ఈ పిల్ల ఉన్న ఊళ్ళోనే పెడుతోంది చూడు" అని మురిసిపోయింది. నాకూ గర్వంగానే ఉంది. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్ చేస్తే సగంలోనే "సరే పెద్దమ్మా, చూసుకుంటా" అంటావు. అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదువు.

సులువైనవి ముందు చెప్పేస్తాను. హాలు ఇచ్చేవాళ్ళకి చదువుకునే గుంపు అని చెప్పు, చెప్పినట్టే ప్రతి నెలా ఒక కథ చదవండి. చాయ్ డబ్బులు అందరూ తలా కాస్త వేసుకోండి, లేనివాళ్ళని అడగొద్దు. జోడీ వెతుక్కుందామని వచ్చేవాళ్ళూ ఉంటారు, అందులో తప్పేం లేదు. కొత్తగా వచ్చినవాళ్ళని మొదటి రోజే నంబర్ అడగొద్దని మాత్రం ముందే చెప్పు.

వేళ దగ్గర మాత్రం నీతో గొడవ పడతాను. శనివారం సాయంత్రం ఆరింటికి, కేఫ్‌లో అన్నావు. ఎవరొస్తారే దానికి? సొంత బండి ఉన్న మగపిల్లలు, కాలేజీ హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. పరకాల నుంచో నర్సంపేట నుంచో రావాల్సిన ఆడపిల్ల ఆ వేళకి ఇంట్లో ఉండాలి. అలాంటి పిల్ల రాలేని చోట నువ్వు ఎంత మందిని పోగేసినా నాకు తృప్తి ఉండదు. ఆదివారం పొద్దున పదకొండింటికి పెట్టు, మూడింటికి ముగించు. బస్టాండు నుంచి నడిచి వచ్చేంత దూరంలో ఉండాలి. 2023 డిసెంబర్ 9 నుంచి మన ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకీ ట్రాన్స్‌జెండర్లకీ జీరో టికెట్ ఇస్తున్నారు కదా, అది మనకి ఎంత పెద్ద సాయమో నువ్వు ఆలోచించావా? ఇంట్లో ఛార్జీకి చెయ్యి చాపకుండా ఒక పిల్ల ఊరు దాటి రావచ్చు. మా రోజుల్లో ఆ డబ్బులు అడిగినప్పుడే "ఎక్కడికి, ఎందుకు, ఎవరితో" అని మొదలయ్యేది.

నేనూ చిన్నమ్మా కలిసింది హైదరాబాద్‌లో, వర్కింగ్ వుమెన్స్ హాస్టల్లో. మా ఇద్దరి మధ్య ఉన్నదానికి పేరుందనీ, అలాంటివాళ్ళు ఇంకా ఉన్నారనీ చాలాకాలం మాకు తెలియదు. ప్రపంచంలో మేమిద్దరమే ఇలా ఉన్నాం అనుకునేవాళ్ళం. ఆ ఒంటరితనం ఎలా ఉండేదో నీకు చెప్పినా అర్థం కాదు, అర్థం కాకూడదు కూడా.

ఆ రోజుల్లో మాకు ఊపిరి ఆడింది ఎక్కడో తెలుసా? బతుకమ్మ దగ్గర. ఒక ఏడు సద్దుల బతుకమ్మకి చిన్నమ్మని హాస్టల్ ఫ్రెండ్ అని చెప్పి మా ఇంటికి తీసుకొచ్చాను. తంగేడు, గునుగు పేర్చి ఇద్దరం కలిసే బతుకమ్మని చేశాం. పద్మాక్షి గుట్ట దగ్గర ఆడవాళ్ళంతా గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొడుతుంటే మేమూ ఆ వరసలో పక్కపక్కన ఆడాం. చీకటి పడ్డాక కూడా బయటే ఉన్నాం, ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఇంటికొచ్చాక మా అమ్మ నాకు పెట్టినట్టే తనకీ సత్తుపిండి ముద్ద చేతిలో పెట్టింది. అమ్మకి ఎంత తెలుసో ఎంత తెలియదో నేను అడగలేదు. చిన్నమ్మ ఈ రోజుకీ ఆ సత్తు సంగతి చెబుతుంది. అందుకే అంటున్నా, బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఒక మీటింగు పెట్టు. పూలు పట్టుకుని గడప దాటే ఆడపిల్లని ఆ రోజుల్లో ఎవరూ ఆపరు.

హిజ్రా అక్కలని కూడా పిలువు, కానీ డ్యాన్స్ చేయమని పిలవకు. ముందు నువ్వే వాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళ గురువుతో మాట్లాడి, కూర్చుని చాయ్ తాగి రా. వాళ్ళని అనుమానితుల్లా రిజిస్టర్లో ఎక్కించమన్న నిజాం కాలపు చట్టం 1919ది, మన హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో. అన్నేళ్ళు ఆ బరువు మోసిన మనుషులు వాళ్ళు. నీ మీటింగులో మొదటి వరసలో కూర్చోవాలి. అలాగే ఇంట్లో అమ్మాయిగా పిలిపించుకుంటూ లోపల అబ్బాయిగా బతుకుతున్న పిల్లలు వస్తారు. పేరు ఏమని పిలవాలో వాళ్ళనే అడుగు. ఇంట్లోవాళ్ళ ముందు ఏ పేరు వాడాలో కూడా అడుగు, రెండూ గుర్తుపెట్టుకో.

ఇక అసలు సంగతి. ఇది నీకు ఇంతవరకూ చెప్పలేదు.

2013 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో తొలిసారి స్వాభిమాన యాత్ర, మనవాళ్ళ ప్రైడ్ ఊరేగింపు, జరిగింది. అదే ఏడాది డిసెంబర్‌లో సుప్రీంకోర్టు మనలాంటివాళ్ళ ప్రేమని నేరంగా చూసే 377 సెక్షన్‌ని మళ్ళీ నిలబెట్టింది. 2009లో అది నేరం కాదన్న ఢిల్లీ హైకోర్టు తీర్పుతో వచ్చిన ధైర్యం ఒక్క పూటలో పోయింది. పిల్లలు ఏడుస్తూ ఫోన్లు చేశారు. ఒంటరిగా ఉండొద్దు, ఈ సంక్రాంతికి ఆడపిల్లలందరం ఒకరింట్లో భోజనాలు పెట్టుకుందాం అనుకున్నాం.

అందులో నర్సింగ్ చదివే పిల్ల ఒకతి ఉండేది. ఎక్కువ మాట్లాడేది కాదు, భోజనాలయ్యాక గిన్నెలన్నీ తనే తోమేసేది. ఆ రోజు డాబా మీద గాలిపటం ఎగరేస్తూ మొదటిసారి గట్టిగా నవ్వింది. ఆ నవ్వు పోకుండా ఇంకో అమ్మాయి ఫోటో తీసింది. సంతోషం పట్టలేక రాత్రికి ఫేస్‌బుక్‌లో పెట్టింది, "నా కుటుంబం" అని రాసి అందరినీ ట్యాగ్ చేసింది. కింద ఎవరో మన గురించి గొప్పగా ఒక మాట రాశారు. ఆ మాట నర్సింగ్ పిల్ల అన్నయ్య కంట్లో పడింది.

ఆ వారంలోనే వాళ్ళ నాన్న, మేనమామ కారేసుకుని హాస్టల్‌కి వచ్చారు. నానమ్మకి సీరియస్‌గా ఉందన్నారు. పిల్ల కట్టుబట్టలతో ఎక్కింది. ఆ రాత్రి నుంచి ఫోన్ స్విచ్ఛాఫ్.

అప్పుడు తెలిసింది, ఆ పిల్ల గురించి మా దగ్గర ఏమీ లేదని. అందరం పిలిచేది ముద్దుపేరు. ఇంటిపేరు ఎవరికీ తెలియదు. ఖమ్మం వైపు అని తప్ప ఊరు తెలియదు. అన్ని ఆదివారాలు కలిసి తిన్నాం, పాడాం, ఎవరి కష్టాలు వాళ్ళం చెప్పుకున్నాం, కానీ రేపు నిన్ను ఎత్తుకుపోతే మేం ఎక్కడికి రావాలి అని ఒక్కరం కూడా అడగలేదు. పోలీస్ స్టేషన్‌కి వెళితే "మీరు ఆమెకి ఏమవుతారు" అన్నారు. చెప్పడానికి మా దగ్గర మాట లేదు. "కన్నవాళ్ళు తీసుకెళితే మీకేంటమ్మా" అని పంపించేశారు.

ఎండాకాలంలో పెళ్ళయిపోయిందని తెలిసింది. ఫోటో పెట్టిన అమ్మాయి అకౌంట్ తీసేసి, మా మధ్యకి రావడమే మానేసింది. ఆమెని ఎవరూ తిట్టలేదు, దగ్గరికీ తీసుకోలేదు. ఆ గుంపు అలాగే చెదిరిపోయింది.

చాలా ఏళ్ళ తర్వాత ఆ పిల్ల చిన్నమ్మకి ఫోన్ చేసింది. ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు అప్పుడప్పుడూ చేస్తుంది. ఫోటో సంగతి ఎత్తి మేం బాధపడబోతే ఆపేసింది. "ఫోటోకి నాకు కోపం లేదు పెద్దమ్మా, అందులో నేను బాగున్నాను. నన్ను గదిలో పెట్టి గొళ్ళెం వేసినప్పుడు బయట బండి చప్పుడైన ప్రతిసారీ మీరొచ్చారనుకునేదాన్ని" అంది.

ఆ మాట విన్నాక నాకు మీటింగు అంటే ముందు ఈ భయమే గుర్తొస్తుంది. ఫోటోలు వద్దని రూలు పెట్టు. వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి, కాబట్టి అడగకుండా ఎవరినీ చేర్చకు. గ్రూపు పేరు స్క్రీన్ మీద మెరిసినా ఇంట్లోవాళ్ళకి అనుమానం రాకుండా ఉండాలి. ఇవి నీకు తెలిసినవే. కానీ ఒక పిల్ల రాకుండా పోతే ఎవరు వెళ్ళాలి, ఏం పట్టుకుని వెళ్ళాలి అన్నది మొదటి మీటింగుకి ముందే తేల్చుకో.

ఇష్టమైనవాళ్ళు ఒక కవరు ఇస్తారు. అందులో అసలు పేరు, ఊరు, ఇంట్లోవాళ్ళ పేర్లు, ఆధార్ జిరాక్స్, టెన్త్ మెమో జిరాక్స్ ఉండాలి. వయసుకి రుజువు ఆ మెమోనే. దాంతోపాటు "నేను మేజర్‌ని, నా ఇష్టప్రకారమే ఉంటున్నాను, నన్ను బలవంతంగా తీసుకెళితే నా తరఫున ఫలానావాళ్ళు కోర్టుకి వెళ్ళవచ్చు" అని వాళ్ళ చేతిరాతతో తేదీ వేసిన ఉత్తరం. మనసు సంగతులేవీ అందులో రాయొద్దు. ఆ కవర్లు నీ గదిలో పెట్టకు, ఫోన్‌లో ఎక్కించకు. నమ్మకమైన లాయరమ్మ ఒకరిని ముందే చూసుకుని ఆమె దగ్గర ఉంచు.

ఇప్పుడు చట్టం మా రోజుల్లోలా లేదు. 2018 సెప్టెంబర్ 6న 377 పోయింది. 2024 మార్చిలో సుప్రీంకోర్టు హైకోర్టులకి స్పష్టంగా చెప్పింది: ఇలా బంధించిన మనిషిని కోర్టు ముందుకి తెప్పించమని వేసే హెబియస్ కార్పస్ కేసుల్లో జడ్జి ఆ మనిషితో విడిగా మాట్లాడాలి, ఇంట్లోవాళ్ళ ఒత్తిడి ఆమె మీద పడకుండా చూడాలి, మనసు మార్చే కౌన్సెలింగ్‌కి పంపకూడదు. అదే ఏడాది డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తండ్రి ఆపేసిన ఒక అమ్మాయిని తన జోడీతో ఉండనిచ్చింది. ఈ తీర్పులు ప్రింటు తీసి లాయరమ్మకి ఇవ్వు. స్టేషన్‌లో "మీరేమవుతారు" అని అడిగితే మీ దగ్గర కాగితం ఉండాలి.

డాక్టర్ల సంగతి కూడా. "మార్చేస్తాం" అనే వైద్యం డాక్టరు చేయకూడని తప్పు అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. అయినా ఇంట్లోవాళ్ళు డాక్టర్ల దగ్గరికీ బాబాల దగ్గరికీ లాక్కెళుతూనే ఉంటారు. మంచి డాక్టరు ఒకరిద్దరి పేర్లు వెతికి పెట్టుకో.

పద్దెనిమిది నిండనివాళ్ళని మాత్రం మీటింగుకి రానివ్వకు. ఎంత ఏడ్చినా రానివ్వకు. నువ్వు జైల్లో కూర్చుంటే ఎవరికీ ఉపయోగం లేదు. వాళ్ళతో ఓపిగ్గా మాట్లాడు, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ చెప్పు, వయసు వచ్చాక తలుపు తెరిచే ఉంటుందని చెప్పు.

ఇంతా చదివి భయపడకు తల్లీ. భయపెట్టడానికి రాయలేదు. నిన్న నేనూ చిన్నమ్మా బ్యాంకుకి వెళ్ళి జాయింట్ అకౌంట్ తెరిచాం, ఒకరికొకరం నామినీలం అయ్యాం. ఇద్దరు ఆడవాళ్ళు ఇలా చేసుకోవడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థికశాఖే చెప్పింది. క్లర్కు మా మొహాలు చూసి "అక్కచెల్లెళ్ళా?" అంది. చిన్నమ్మ "కాదమ్మా" అంది, అంతే. ఇన్నేళ్ళలో తను ఆ ప్రశ్నకి కాదనడం నేను మొదటిసారి విన్నాను. నీ వాయిస్ మెసేజ్ విన్నాకే తనకి ఆ ధైర్యం వచ్చిందని నా నమ్మకం.

మొదటి మీటింగుకి మేమిద్దరం సికింద్రాబాద్‌లో బండెక్కి కాజీపేటలో దిగుతాం. హాలు పై అంతస్తులో తీసుకోకు, చిన్నమ్మ మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు. సర్వపిండి చేసి తెస్తానంటోంది, ఎంతమందికో ముందే చెప్పు. నీ టెన్త్ మెమో ఇంకా మీ అమ్మ బీరువాలోనే ఉందా? ఉంటే ఏదో ఉద్యోగానికి కావాలని అడిగి ఈ వారంలోనే తీసుకో. మొదటి కవరు నీది కావాలి.

నీ
పెద్దమ్మ