‘కష్టే ఫలి’ని ఎవరి నోట ఎలా పలికించాలి? – ఒక కొత్త రచయిత్రికి

అమ్మాయ్,

నీ కథ చదివాను. డాలస్‌లో రాత్రిపూట ఆఫీసులు తుడిచే మనిషి ‘ఒళ్లొంచితే ఎవడైనా పైకొస్తాడు’ అంటాడు. మరుసటి పేజీలో నువ్వే దూరి, అదంతా భ్రమ అని తేల్చేశావు. కథ అక్కడే చప్పబడింది. ఆ మాట నిజమా అబద్ధమా అన్నది పక్కన పెట్టి, అది అతనికి ఏం చేసిపెడుతోందో చూడు.

మిషెల్ లామాంట్ అనే సోషియాలజిస్టు న్యూయార్క్ చుట్టుపక్కల కార్మికులతో మాట్లాడితే, వాళ్లు మనుషుల్ని డబ్బుతో కంటే కష్టంతో, బాధ్యతతో, నీతితో తూచారు. ఆ తక్కెడలో పైవాళ్లే చాలాసార్లు తేలిపోతారు. నీ మనిషికి ఆ మాట మర్యాద, భ్రమ కాదు.

ముందు అతని జీతం లెక్క రాసుకో. నీ ప్రతిలో ఎక్కడా లేదు. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచీ గంటకు 7.25 డాలర్లే, టెక్సస్‌లోనూ అంతే. వారానికి 40 గంటల చొప్పున ఏడాదంతా చేసినా 15,080. పోనీ, అతనికి గంటకు 12 ఇద్దాం. కానీ షిఫ్టుల పట్టికలో వారానికి 28 గంటలే వేశారనుకో, చేతికొచ్చేది పన్నులకు ముందు 336. ఇప్పుడు కారులో బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటరు పోయింది, బాగుచేయడానికి 600 అడిగారు. రాత్రి బస్సు లేదు, రెండు షిఫ్టులు పోయాయి, పై వారం గంటలు ఇంకా కోశారు. అప్పుడతను ఎవర్నీ తిట్టడు. ‘డాష్‌బోర్డు మీద బ్యాటరీ లైటు వెలిగినప్పుడే చూపించుకోవాల్సింది, నాదే తప్పు’ అంటాడు. అదీ నమ్మకమంటే. పైకి తోసేదీ అదే, కిందపడ్డప్పుడు కాలరు పట్టుకునేదీ అదే.

పై అంతస్తులో లాయరుంది కదా, ఆవిణ్ణి దొంగను చెయ్యకు. వారానికి 70 గంటలు చేసే మనిషి ‘నా కష్టం’ అంటే అబద్ధమాడుతున్నట్టు కాదు. కాకపోతే ఆమె నోట ఆ మాట ఆస్తి పత్రం. ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2017లో లెక్క తీస్తే, అమెరికాలోని 38 కాలేజీల్లో కింది 60 శాతం కుటుంబాల పిల్లలకంటే పై ఒక్క శాతం కుటుంబాల పిల్లలే ఎక్కువున్నారు. ఈ అంకెను కథలో దించకు, వ్యాసమైపోతుంది. జీతం లేని ఇంటర్న్‌షిప్ చేసిన వేసవిలో అద్దె ఎవరు కట్టారో ఒక్క వాక్యంలో చెప్పు, చాలు.

మన సాఫ్ట్‌వేర్ కుర్రాడి పాత్ర బాగుంది గానీ సగమే రాశావు. ‘మెరిట్‌తో వచ్చాను’ అనే ఆ నోటితోనే మార్చి నెలలో ‘లాటరీ తగిలిందా?’ అని అడిగించు. హెచ్‌-1బీ ఉద్యోగ వీసాల కోటా ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000; అడిగేవాళ్లు అంతకు మించితే లాటరీయే. రెండు మాటల మధ్య వ్యాఖ్యానం వద్దు.

ముగింపులో మేనేజర్ పిలిచి ప్రమోషన్ ఇవ్వడం, పేద కుర్రాళ్లు పైకొచ్చే కథలు రాసిన అమెరికన్ రచయిత హొరేషియో ఆల్జర్ కాలం నాటి ఎత్తు. 1868 నాటి అతని బూట్‌పాలిష్ కుర్రాడు కూడా, నీళ్లలో పడ్డ ధనవంతుడి బిడ్డను కాపాడాకే గుమాస్తా అయ్యాడు. పాలిష్ వేసి కాదు!

రెండో పేజీ కొట్టేసి, బ్యాటరీ లైటు వెలిగిన రాత్రి దగ్గర మొదలుపెట్టు.