ఆకలితో ఉంటే తిండి పెట్టొచ్చు కదా?

ప్రశ్న: ఎముకల గూడులా తిరుగుతున్న ధ్రువ ఎలుగుబంటి వీడియో చూశాక రెండు రోజులు మనసు మనసులో లేదు. పోలార్ బేర్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ వీటి కోసం విరాళాలు తీసుకుంటుందట. ఆ డబ్బుతో వాటికి తిండి పెట్టొచ్చు కదా? అసలు వాళ్లు చేసే పనేంటి? – ఒక పాఠకురాలు

జవాబు: ఆ వీడియో చూస్తే ఎవరికైనా ముందు తట్టేది అదేనండి. కానీ తిండి పెట్టామంటే, మనుషులున్న చోట కడుపు నిండుతుందని అది నేర్చుకుంటుంది, ఆ తర్వాత ఊళ్లోకొస్తుంది, ఎవరి మీదో పడుతుంది, చివరికి తుపాకీకి బలైపోతుంది. పైగా మొత్తం దాదాపు 26,000 ఉంటాయని అంచనా. ఎన్నింటికని పెడతాం?

అసలు దానికి కరువైంది తిండి కాదు, నిలబడే చోటు. సముద్రం గడ్డకడితేనే దానికి వేట. దాని తిండి అయిన సీల్ అనే సముద్ర జంతువు ఊపిరి కోసం పైకొచ్చే మంచు కన్నం పక్కన గంటల తరబడి కదలకుండా కాచుక్కూర్చుని పట్టుకుంటుంది, అదే నీళ్లలో అయితే సీల్ దానికి దొరకదు. కెనడాలోని హడ్సన్ బేలో ఎండాకాలం మంచు కరగ్గానే ఇవన్నీ ఒడ్డుకు చేరి, ఒంట్లో కొవ్వు మీదే నెలల తరబడి బతుకుతాయి. 1980లతో పోలిస్తే ఆ పస్తులు ఇప్పుడు మూడు నాలుగు వారాలు పెరిగాయి. హడ్సన్ బే పడమటి తీరంలో 2016లో 842 ఉన్నాయన్న అంచనా 2021కి 618కి పడిపోయింది. నాకైతే ఆ వీడియో కన్నా ఈ అంకెలే ఎక్కువ భయం.

ఇక సంస్థ పని. ఆ హడ్సన్ బే ఒడ్డునే ఉన్న చర్చిల్ అనే చిన్న ఊరు ఎలుగుబంట్ల దారిలోనే ఉంది. అక్కడ ఎదురుపడితే దూరి తలుపేసుకోవడానికి వీలుగా చాలామంది కార్లకు తాళం వేయరు! చీకట్లో, మంచు తుపానులో కూడా ఎలుగుబంటి రాకను పసిగట్టే రాడార్‌ని ఈ సంస్థ అక్కడే పరీక్షిస్తోంది. జనం భద్రంగా ఉంటేనే ఎలుగుబంటి కూడా బతుకుతుంది.

ఇంకో పని, వాటి జాడ తెలుసుకోవడం. జీపీఎస్ కాలర్ ఆడవాటికే వేయగలరు, ఎందుకంటే మగదాని మెడ తలకన్నా లావు, పెట్టిన కాలర్ జారిపోతుంది. అందుకే బొచ్చుకు అతుక్కుని, కొన్నాళ్లకు తనంతట తానే ఊడిపోయే చిన్న ట్రాకర్లు తయారు చేయిస్తున్నారు. నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్‌లో తల్లులు పిల్లల్ని పెట్టే మంచు గుహల ఎదుట కెమెరాలు పెట్టి, అవి ఎప్పుడు బయటికొస్తున్నాయో చూస్తున్నారు. పుట్టినప్పుడు పిల్ల అరకిలో పైచిలుకే ఉంటుంది, ఆ రోజుల్లో అలికిడికి తల్లి బెదిరి గుహ వదిలేస్తే పిల్ల బతకడం కష్టం.

వీటన్నిటికన్నా పెద్ద పని, భూమిని వేడెక్కించి ఆ మంచును కరిగిస్తున్న బొగ్గు, చమురు వాడకం తగ్గించాలని ప్రభుత్వాలకూ జనానికీ విడవకుండా చెప్పడం. స్టీవెన్ ఆమ్‌స్ట్రప్ ప్రభుత్వ శాస్త్రవేత్తగా నడిపిన పరిశోధన వల్లే 2008లో అమెరికా ధ్రువ ఎలుగుబంటిని ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించింది. ఆయనే 2010లో ఈ సంస్థకు ప్రధాన శాస్త్రవేత్తగా వచ్చారు. ఈ పని ఫొటోల్లో కనబడదు, కానీ నా లెక్కలో విరాళం ఇవ్వాల్సింది ముందు దీనికే.

శరదృతువులో చర్చిల్ నుంచి వాళ్లు లైవ్ కెమెరా నడుపుతారు, వీలైతే చూడండి. సముద్రం ఎప్పుడు గడ్డకడుతుందా అని ఒడ్డున పడుకుని ఎదురుచూస్తున్న ఎలుగుబంట్లు కనబడతాయి.