అమెరికా రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ షోలు ఇప్పుడు చప్పగా ఎందుకు అనిపిస్తున్నాయి?

రింగులో ఆట తగ్గలేదు, కథ తగ్గింది. గుంథర్, రియా రిప్లీ లాంటి రెజ్లర్లు దిగితే ఇప్పటికీ కళ్లు తిప్పుకోలేం. కానీ ఫలితం ముందే రాసుకున్న ఆటలో ఎవరు ఎవరిని ఎందుకు కొడుతున్నారో మనం నమ్మాలి. రోమన్ రీన్స్ ఇంటిపోరును 2020 నుంచి ఓపిగ్గా పెంచారు కాబట్టే 2024 రెసిల్‌మేనియాలో, అంటే ఏటా జరిగే వాళ్ల అతిపెద్ద షోలో, రీన్స్ మీద కోడీ రోడ్స్ గెలుపు అంత పెద్దదైంది. కానీ 2025 మార్చిలో, ఏళ్లుగా హీరోగా ఉన్న జాన్ సీనాను విలన్ చేశారు. ఆ మలుపును వెనకుండి నడిపించిన రాక్‌ను (సినిమా నటుడైన పాత రెజ్లర్ డ్వేన్ జాన్సన్) మళ్లీ ఆ కథలోకి తీసుకురాలేదు. ఆగస్టుకల్లా సీనాను మంచివాణ్ణి చేసేశారు! అభిమానులు ఇరవై ఏళ్లుగా అడిగిన మలుపును అలా వృథా చేయడం నాకు అస్సలు మింగుడుపడలేదు.

మా పర్లాకిమిడి లాంటి ఊళ్లలో ఇంకో కారణం కూడా ఉంది. 2025 ఏప్రిల్ నుంచి షోలు సోనీ ఛానళ్లు వదిలి నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్లాయి. కేబుల్ మీదే ఆధారపడ్డ ఇళ్లకు అవి దూరమయ్యాయి. కుర్రాళ్లు ఫోన్‌లో రీల్స్ ముక్కలే చూస్తున్నారు. అలా చూస్తే మంచి మ్యాచ్ కూడా ఎక్కదు. వీలైతే 2025 డిసెంబర్ 13న గుంథర్‌తో సీనా ఆడిన ఆఖరి మ్యాచ్ మొత్తం చూడండి. సీనా ట్యాప్ చేసి, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకుని, ఓడిపోవడం చాలామందికి నచ్చలేదు, నాకు మాత్రం అదే సరైన ముగింపు అనిపించింది.