కోకో రైతులు సంఘం పెట్టుకుంటే ఫెయిర్ ట్రేడ్ రేటు వస్తుందా?

కోనసీమలో కొబ్బరి కింద కోకో వేసిన ఇరవై మంది కలిసి సంఘం పెట్టి, ఫెయిర్ ట్రేడ్ ముద్ర (రైతుకు కనీస ధర, దానిపైన కొంత అదనం ఇప్పించే అంతర్జాతీయ గుర్తింపు) తెచ్చుకుంటే లాభమా అని అడిగారు. సంఘం పెట్టండి. ముద్రకి తొందర లేదండి.

2019 అక్టోబరు నుంచి ఫెయిర్ ట్రేడ్ అమలు చేసిన కనీస ధర టన్నుకు 2,400 డాలర్లు, ప్రీమియం, అంటే ధరపైన ఇచ్చే అదనం, 240 డాలర్లు. రేటు పడిపోయినప్పుడే ఆ కనీస ధర ఆసరా. 2024లో ప్రపంచ ధర టన్ను 10,000 డాలర్లు దాటినప్పుడు దానితో పనే పడలేదు. ప్రీమియం రైతు చేతికి నేరుగా రాదు, సంఘం ఖాతాలో పడుతుంది. దేనికి ఖర్చుపెట్టాలో సర్వసభ్య సమావేశం తేల్చాలి. అదీ ఫెయిర్ ట్రేడ్ షరతులకు ఒప్పుకుని కొన్న సరుకుకే. ముద్ర కోసం చేసే తనిఖీకి ఆడిట్ ఫీజు మాత్రం అమ్ముడైనా కాకపోయినా కట్టాల్సిందే. కాబట్టి కొనేవాళ్ళు కాగితం మీద ఒప్పుకోకముందు ఫీజు కట్టొద్దు.

సంఘం వల్ల అసలు లాభం పులియబెట్టడంలో ఉంది. ఒక్కో ఇంట్లో పది, పదిహేను కిలోల పచ్చి గింజలు బుట్టలో వేస్తే పులియడానికి కావలసినంత వేడెక్కవు. అందరివీ కలిపి వంద కిలోలు చెక్కపెట్టెలో పోస్తే రెండో రోజుకి 45 డిగ్రీలు దాటుతుంది. పెట్టె అడుగున రసం కారడానికి రంధ్రాలు, పైన అరటాకులు, గోనెలు ఉండాలి. 48 గంటలప్పుడు ఒకసారి, 96 గంటలప్పుడు ఇంకోసారి తిరగెయ్యాలి. ఆరో రోజు తీసి ఎండబెట్టాలి. పచ్చికాయ, ఎలుక కొట్టిన కాయ, మొలకెత్తిన గింజ పెట్టెలోకి రానివ్వొద్దు.

తేమ ఏడు శాతానికి దిగాకే సంచికెత్తాలి. పైకి ఎండినట్టు కనిపించి లోపల పచ్చిగా ఉంటే గోదాములో బూజు పడుతుంది. వానాకాలంలో ప్లాస్టిక్ షీటు కప్పిన ఎండబెట్టే గుడారం తప్పనిసరి. ఎండు కొబ్బరి చేసే పొగ అటకల మీద మాత్రం ఎక్కించకండి, పొగవాసన పట్టిన గింజ చాక్లెట్‌కి పనికిరాదు. అమ్మేముందు వంద గింజలు నిలువునా కోసి చూడండి. లోపల పలకరంగు ఉంటే పులియలేదని, గోధుమరంగు, పగుళ్ళు ఉంటే బాగా పులిసిందని అర్థం.

తగాదాలు మొదలయ్యేది కాటా దగ్గరే. వంద కిలోల పచ్చి గింజలకు ఎండువి సుమారు 35 నుంచి 40 కిలోలు వస్తాయి, జిగురు ఎక్కువైతే ఇంకా తగ్గుతుంది. అందుకని పెట్టెపెట్టెకీ ఎంత దిగిందో పుస్తకంలో రాసి, ఆ లెక్కన పంచండి. ఘనాలో 1993లో మొదలైన క్వాపా కోకూ సంఘంలో ఊరి కాటా చూసే మనిషిని సభ్యులే ఎన్నుకుంటారు. అది మనకీ సరిపడే పద్ధతే.

రిజిస్ట్రేషన్‌కు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఉంది, పదిమంది ఉంటే ఉత్పత్తిదారుల కంపెనీ కూడా పెట్టుకోవచ్చు. దానికంటే పెద్ద చిక్కు డబ్బే. వ్యాపారి పచ్చి గింజలకే అప్పటికప్పుడు నగదు ఇస్తాడు. మీ సరుకు పులిసి, ఎండి, అమ్ముడయ్యేసరికి పక్షం పైనే పడుతుంది. ఆ మధ్యలో సభ్యులకు అడ్వాన్సు ఇచ్చేంత మూలధనం చేతిలో పెట్టుకునే మొదటి పెట్టె చేయించండి. లేకపోతే అవసరం పడ్డవాళ్ళు ఒక్కొక్కరే మళ్ళీ వ్యాపారి దగ్గరికి పోతారు.