తెగిన చేప తోక మళ్లీ వస్తుంది, మా బాబు వేలు వస్తుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మావారు డిండి ప్రాజెక్టులో చేపలు పడతారు. మా బాబుకు ఆరేళ్లు. పది రోజుల కింద ఇనుప తలుపు సందులో పడి చూపుడువేలు కొస తెగింది, గోరు సగం పోయింది. ఎక్స్‌రే తీసి ఎముకకేం కాలేదన్నారు. కుట్లు వేయకుండా ప్లాస్టిక్ పొర లాంటి కట్టు కట్టారు. మొన్న కట్టు మార్చేటప్పుడు వాసన వచ్చింది, టెన్షన్‌గా ఉంది. తోక తెగిన చేపలకు మళ్లీ పెరగడం మావారు చాలాసార్లు చూశారు. షుగర్ వల్ల పోయినేడు మా మామగారి కాలి బొటనవేలు తీసేశారు. ‘చేపకొచ్చేది మనిషికెందుకు రాదు, మందేమన్నా ఉందేమో అడుగు’ అని మామగారు అంటున్నారు.

జవాబు: అమ్మా, ముందు బాబు సంగతి. వేలు కొస మళ్లీ నిండే అవకాశం బాగానే ఉంది. కుట్లు వేయలేదని బాధపడకండి, ఇలాంటి దెబ్బకు అదే సరైన వైద్యం. 1974లోనే ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో సింథియా ఇల్లింగ్‌వర్త్ అనే డాక్టర్ దీని గురించి రాశారు. తెగిన వేలి కొసలను కుట్టకుండా కట్టు కట్టి వదిలేస్తే పిల్లల్లో కండ, గోరు వాటంతటవే వచ్చాయి. కాకపోతే గోరు మొదలు మిగలాలి. మన గోరు కింద తెల్లగా నెలవంకలా కనిపిస్తుంది చూడండి, ఆ చోటూ, దాని వెనక చర్మం కింద దాగిన భాగమూ అన్నమాట. గోరును పుట్టించే మూలకణాలు ఉండేది అక్కడే. మీవాడికి సగం గోరు మిగిలిందంటే మొదలు మిగిలినట్టే.

ఇక ఆ వాసన. లోపల తడి ఆరకూడదనే అలాంటి కట్టు వేస్తారు. ఆ తడి గోధుమ రంగుకు తిరిగి కంపు కొట్టడం మామూలే. చూసిన ప్రతి తల్లీ చీము పట్టిందనుకుని హడలిపోతుంది. వేలు వాచి ఎర్రబడినా, నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగినా, జ్వరం వచ్చినా మాత్రం అదే రోజు చూపించండి. పసుపు, సున్నం, టీపొడి పెట్టి ఆరబెట్టాలని ఎవరు చెప్పినా వినకండి. పుండు ఎండితే పెరుగుదల ఆగిపోతుంది. టీటీ ఇంజెక్షన్ వేయించారో లేదో ఒకసారి చీటీ చూసుకోండి.

మీవారు చూసింది నిజమే. చేప తోక రెక్క తెగితే ఒక రోజులోపే పైన పల్చటి చర్మం కప్పుకుంటుంది. దాని కింద చుట్టుపక్కల కణాలు ఒకచోట చేరి మొగ్గలా అవుతాయి. అందులో ఎముక కణం ఎముకనూ, చర్మపు కణం చర్మాన్నీ కడుతూ పోతాయి. అయితే చేపకైనా రెక్క మొదలు మిగలాలి. కండలోకి, వెన్ను దాకా తోక తెగిన చేపకు మళ్లీ రాదు. మీ బాబు గోరు లెక్కే. మన గంగా ప్రాంతపు వాగుల్లో, వరిమళ్లలో తిరిగే వేలెడంత కూడా లేని జీబ్రా చేప ఇంకో మెట్టు పైన ఉంటుంది. రక్తాన్ని తోసే గుండె గదిలో ఐదో వంతు కోసేసినా దాదాపు రెండు నెలల్లో నింపుకుంటుందని 2002లో తేలింది.

కప్ప కథ కొంచెం విచిత్రం. మడిలో ఈదే తోకకప్పకు తోక తెగితే మళ్లీ వస్తుంది. అదే పెద్ద కప్పయ్యాక కాలు తెగితే మహా అయితే మేకులాంటి మెత్తటి ఎముక (మృదులాస్థి) మొలుస్తుంది, వేళ్లు రావు. అమెరికాలోని టఫ్ట్స్, హార్వర్డ్ యూనివర్సిటీల పరిశోధకులు అలాంటి కప్పల తెగిన కాలికి ఐదు మందులున్న టోపీలాంటిది 24 గంటలు తొడిగి తీసేశారు. ఏడాదిన్నరలో కాలు చాలావరకు పెరిగింది, కప్పలు దాంతో ఈదాయి కూడా. 2022లో ఆ ఫలితం బయటపెట్టారు. కానీ అక్కడా పూర్తి వేళ్లు రాలేదు. కప్ప సంగతే ఇంకా అంతవరకు వచ్చింది.

మన శరీరం చాలాచోట్ల మొగ్గ కట్టదు, మచ్చ కడుతుంది. సూక్ష్మజీవులు చొరబడక ముందే గండి పూడ్చేయాలన్న తొందర దానిది. గుండెపోటు వచ్చిన చోట కూడా కండ బదులు మచ్చే మిగులుతుంది. మన గుండె కండ కణాలు ఏడాదికి నూటికి ఒకటికి మించి కొత్తవి రావు. వేలి కొసలాగే లివర్ కూడా ఒక మినహాయింపు. సగం దానం చేసినవారికి కూడా కొన్ని నెలల్లో దాదాపు పాత సైజుకు వస్తుంది.

అందుకని మామగారికి మొహమాటం లేకుండా చెప్పండి, పోయిన బొటనవేలు రాదు. వేలు తెప్పిస్తామని ఎవరైనా పొడులో, స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్లో అమ్మితే పైసా ఇవ్వొద్దు. ఆయన విషయంలో నాకు దిగులుగా ఉన్నది మిగిలిన తొమ్మిది వేళ్ల గురించి. షుగర్‌తో కాళ్లకు స్పర్శ తగ్గుతుంది. పొలం గట్టున ముల్లు దిగినా, చెప్పులో రాయి ఒరుసుకున్నా తెలియదు. వట్టికాళ్లతో చెరువు గట్టుకు పోనివ్వకండి. స్నానానికి వేడినీళ్లు ఎంత వేడి ఉన్నాయో ఆయన కాలితో కాదు, మీ మోచేతితో చూడండి. ఆనెలను బ్లేడుతో కోసుకునే అలవాటుంటే మాన్పించండి. షుగర్ గోలీలు ఒక్క పూట కూడా తప్పొద్దు. రోజూ రాత్రి పడుకునే ముందు రెండు పాదాలూ, వేళ్ల సందులూ టార్చి వేసి చూడండి. ఆయనకు కనపడకపోతే ఆ పని బాబుకు అప్పగించండి, వాడి కళ్లు చురుగ్గా ఉంటాయి. బొబ్బ గానీ, నల్లమచ్చ గానీ కనిపిస్తే, నొప్పి లేదని ఆయన ఎంత అన్నా సరే, తెల్లారగానే దవాఖానకు తీసుకెళ్లండి.