వంతెన కూల్చాలా, నిలుపుకోవాలా: మేనల్లుడికి ఉత్తరం

చి. కిరణ్‌కి,

మామయ్య ఆశీస్సులు. నీ మెసేజ్ చదివాను. ఆదివారం మీ బ్యాచ్ మ్యాప్ మీద ఆడే యుద్ధపు ఆటలో 1942 బర్మా సీనారియో (జపాన్ దాడికి బ్రిటిష్ సైన్యం వెనక్కి తగ్గిన సందర్భం) ఆడుతోందనీ, చీటీల్లో నీకు బ్రిటిష్ పక్షం వచ్చిందనీ, సిట్టాంగ్ నది మీది వంతెన పేల్చాలో ఆగాలో తేలక బుర్ర వేడెక్కిపోతోందనీ రాశావు. పేల్చెయ్ అనో, ఆగు అనో ఒక్క ముక్కలో చెప్పేస్తే ఈ ఆదివారం గడిచిపోతుంది. వచ్చే నెల ఇంకో నది దగ్గర కూర్చుని మళ్ళీ నాకే ఫోన్ చేస్తావు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

వంతెన ఉన్న మ్యాప్ ముందుకొస్తే నేను మొదట చూసేది ఒకటే. ఇంకో మూడు నాలుగు టర్నులు పోయాక దాని మీద నడవాల్సిన పని ఎవరికి ఉంటుంది? నాకా, అవతలివాడికా? 1944 జూన్ 6న తెల్లవారకముందే ఫ్రాన్స్‌లోని నార్మండీలో గాల్లోంచి దిగిన బ్రిటిష్ 6వ ఎయిర్‌బోర్న్ డివిజన్ సంగతి చూడు. ఆ ఒక్క డివిజన్‌కే రెండు రకాల పనులు అప్పగించారు. కాన్ కాలువ మీద ఒకటి, దాని పక్కనే ఓర్న్ నది మీద ఒకటి, ఈ రెండు వంతెనలూ చెక్కుచెదరకుండా చేతికి రావాలి. ఇంకాస్త తూర్పున దీవ్ లోయలో ఉన్న ఐదు వంతెనలు కూలిపోవాలి. సముద్రం వైపు నుంచి వచ్చే సొంతవాళ్ళు వీళ్ళను కలుసుకోవాలంటే దారి ఓర్న్ మీదుగానే. జర్మన్లు తూర్పు నుంచి ఎదురుదాడికి రావాలంటే దారి దీవ్ మీదుగా. మేజర్ జాన్ హోవార్డ్ మనుషులు గ్లైడర్లలో (ఇంజన్ లేని విమానాలు) కాలువ మీదున్న బెనూవిల్ వంతెన పక్కనే దిగి నిమిషాల్లో పట్టేసుకున్నారు. జర్మన్లు దాన్ని పేల్చడానికి అన్ని ఏర్పాట్లూ చేసుకున్నారు గానీ పేలుడు మందు మాత్రం ఇంకా పెట్టలేదు! అదే రోజు ఇంజనీర్ల మేజర్ రోజ్‌వేర్ ఒక మెడికల్ జీపు తీసుకుని, దాని ట్రైలర్‌లో పేలుడు మందు వేసుకుని, త్రోఆర్న్ ఊరి మధ్య నుంచి తూటాల వానలో దూసుకుపోయి అవతలున్న వంతెన లేపేశాడు.

నువ్వు కూడా ఆట మొదలుకాకముందే మ్యాప్ మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకో. ఇవి నావాళ్ళు నడవాల్సినవి, ఇవి వాడు నడవాల్సినవి అని. వేర్వేరు వంతెనలైతే పెద్దగా ఆలోచించే పనే లేదు. రెండు గుర్తులూ ఒకే వంతెన మీద పడితేనే టెన్షన్. సిట్టాంగ్ అలాంటిదే.

అక్కడ ఏం జరిగిందో నీకు తెలిసే ఉంటుంది, అయినా ఆటకు పనికొచ్చే ముక్కలు చెబుతాను. 17వ ఇండియన్ డివిజన్ కమాండర్ స్మైత్ ముందునుంచీ నది వెనక్కి తగ్గుతానని అడుగుతూనే ఉన్నాడు. అనుమతి ఫిబ్రవరి 19న గానీ రాలేదు. ఉన్నది ఒకే ఒక్క రైలు వంతెన. దాని మీద చెక్కలు పరిచి బళ్ళు నడిపించారు. మధ్యలో ఒక లారీ చెక్కల మీంచి జారి ఇరుక్కుపోతే గంటల తరబడి వెనకున్న బళ్ళన్నీ ఆగిపోయాయి. జపాన్ వాళ్ళు వంతెన దగ్గరికి వచ్చేశారు. 23వ తేదీ తెల్లవారుజామున ఐదున్నర ప్రాంతంలో వంతెన పేల్చేశారు. అప్పటికి మూడు బ్రిగేడ్లలో రెండింటి మనుషులు చాలావరకు అవతలి ఒడ్డునే ఉన్నారు. వెదుళ్ళు కట్టుకుని, ఈదుకుని వచ్చినవాళ్ళలో చాలామంది చేతుల్లో తుపాకుల్లేవు. ఇంత చేసినా బర్మా రాజధాని రంగూన్ మార్చి 8న పడనే పడింది. (మన కోస్తా జిల్లాల నుంచి రంగం వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు ఎంతోమంది ఆ ఏడాది కాలినడకన అడవుల్లో పడి తిరిగొచ్చారు. మనకు ఇది మరీ పరాయి యుద్ధమేమీ కాదు.)

అందరూ ఆ తెల్లవారుజాము నిర్ణయం గురించే వాదించుకుంటారు. నా లెక్కలో అప్పటికే ఆట అయిపోయింది. స్మైత్‌కు పైనుంచి అనుమతి రావాలి. నీకు ఆ బాధ లేదు కదా, ఒక టర్ను ముందే కదులు. నువ్వు చెప్పిన రూల్ ప్రకారం టర్నుకు మూడు కౌంటర్లే (దళాల బిళ్ళలు) వంతెన దాటగలవు. అవతల తొమ్మిది ఉన్నాయి. అంటే నీకు మూడు టర్నులు కావాలి. జపాన్ కౌంటర్లు వంతెన పక్క హెక్సుకు (మ్యాప్ మీది ఆరు పక్కల గడి) ఎన్నో టర్నులో చేరతాయో వేలు పెట్టి లెక్కపెట్టు. నాలుగో టర్నుకు ముందు రాలేవనుకుంటే హాయిగా దాటు. మూడో టర్నుకే వస్తాయనుకుంటే అవతలి ఒడ్డున ఎవరో ఒకరు అడ్డం నిలబడాలి, ఆ కౌంటర్ పోతుందని ముందే మనసులో రాసేసుకోవాలి. ఫిరంగులూ బళ్ళూ ముందు దాటించు. పదాతిదళం ఆఖర్న. మనిషి ఎలాగో ఈదుతాడు, ఫిరంగి ఈదదు.

ఇప్పుడు వంతెన పేల్చడానికి వేసే డైస్ సంగతి. ఒకటి నుంచి నాలుగు పడితే పేలుతుంది, ఐదు ఆరు పడితే తుస్సు. వాడు పక్కకొచ్చాకే పేలుద్దామని కూర్చుంటే నీకు దొరికేది ఒకే ఒక్క డైస్. మూడింట ఒకసారి వంతెన వాడి చేతికి బంగారంలా పోతుంది. ఒక టర్ను ముందు మొదలుపెడితే రెండు డైస్‌లు, అప్పుడు వంతెన మిగిలే ఛాన్స్ తొమ్మిదింట ఒకటే. ఊరికే రాదు మరి. మొదటి డైస్‌కే పేలిందంటే ఇంకా దాటని మూడు కౌంటర్లు అవతల ఇరుక్కుంటాయి. అంటే నువ్వు నిజంగా తేల్చుకోవాల్సింది ఇది: ఆ మూడు కౌంటర్లకన్నా ఈ వంతెన వాడి చేతికి చిక్కకపోవడం నీకు ఎక్కువా, తక్కువా? నేనైతే రంగూన్‌కే ఎక్కువ పాయింట్లున్న ఆటలో ముందే డైస్ వేస్తాను. బతికున్న యూనిట్లకు పాయింట్లిచ్చే ఆటలో వెయ్యను. రూల్స్ పుస్తకంలో గెలుపు పేజీ మళ్ళీ ఒకసారి చదువు.

సాపర్స్‌లో (సైన్యపు ఇంజనీర్ల దళం) ఉన్నప్పుడు మాకు దీన్ని ఇంకో రకంగా నేర్పారు. కొన్ని వంతెనలు ప్రిలిమినరీ, మందు కట్టగానే పేల్చెయ్యొచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. కొన్ని రిజర్వ్‌డ్, వాటికి కాపలా దళం ఉంటుంది, పేల్చమనే అధికారం ఒక్క కమాండర్‌దే. రిజర్వ్‌డ్ వాటిలోనూ మందు కట్టి డిటొనేటర్లు తగిలించకుండా ఉంచడం ఒక స్థితి, తగిలించి బటన్ దగ్గర మనిషిని కూర్చోబెట్టడం ఇంకో స్థితి. మీ ఆటలో అంపైర్ ఉంటే ఈ రూల్ పెట్టమను. ఒక్కో స్థితికి ఒక్కో టర్ను. ఆట రుచే మారిపోతుంది.

ఆ అధికారం ఎవరిదో తేలకపోతే ఏమవుతుందో 1945లో జర్మనీలో రైన్ నది మీదున్న రెమాగెన్ వంతెన దగ్గర చూడొచ్చు. అంతకుముందు కొలోన్‌లో ఒక వంతెన బాంబు తగిలి దానంతటదే పేలిపోయిందని, శత్రువు బాగా దగ్గరికి వచ్చేదాకా మందు పెట్టొద్దనీ, రాతపూర్వకంగా ఆర్డర్ ఉండాలనీ హిట్లర్ నిబంధన పెట్టాడు. మార్చి 7న అమెరికన్లు వచ్చేసరికి అడిగిన మందులో సగమే, మూడు వందల కిలోలు, అదీ నాసిరకం ఉంది. వంతెన గాల్లోకి లేచి మళ్ళీ స్తంభాల మీదే కూర్చుంది. పది రోజుల తర్వాత దానంతటదే కూలింది గానీ ఈలోగా రైన్ దాటాల్సినవాళ్ళు దాటేశారు. జర్మన్లు తమ అధికారులనే నలుగుర్ని కాల్చి చంపారు. అంతకు ఆరు నెలల ముందు నెదర్లాండ్స్‌లోని నైమేగన్‌లో జర్మన్ సేనాపతి మోడెల్ ఎదురుదాడికి కావాలని వంతెన పేల్చనివ్వలేదు. చివరికి ఎదురుదాడీ లేదు, వంతెనా శత్రువు చేతికే పోయింది, రెంటికీ చెడ్డ రేవడి. అందుకే నిలుపుకుంటానంటే, దాని మీంచి ఏ కౌంటర్‌తో, ఎన్నో టర్నులో వెనక్కి కొడతావో చూపించమంటాను. చూపించలేకపోతే మందు పెట్టు.

ఇంకో మాట. కూల్చాక కూడా నది చూస్తూ ఉండు. 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్ సైన్యం ఆశుగంజ్ దగ్గర మేఘ్నా మీద వంతెన కూల్చి అవతల భైరబ్ బజార్‌లో కూర్చుంది. మన సైన్యపు జనరల్ సగత్ సింగ్ తన మనుషుల్ని హెలికాప్టర్లలో నది దాటించి ఢాకా వైపు నడిపించాడు. భైరబ్‌లో ఉన్నవాళ్ళు కూలిన వంతెనకు కాపలా కాసినట్టయింది. మీ బర్మా ఆటలో హెలికాప్టర్లు ఉండవులే. కానీ ఎగువన పడవలు దొరికే హెక్సులు ఉంటాయి, జపాన్ ఆడేవాడు తెలివైనవాడైతే అక్కడికే పోతాడు. వంతెన పేల్చిన టర్నులోనే ఇద్దర్ని అటు పంపు.

శనివారం రాత్రి ఒక చీటీ మీద రాసిపెట్టుకో: జపాన్ కౌంటర్ ఏ హెక్సులో అడుగుపెడితే డైస్ వేస్తావో, ఆ హెక్సు నంబర్. వంతెన కౌంటర్ కింద పెట్టి ఆడు. ఆ నంబర్ నాకూ వాట్సాప్ చెయ్యి, మ్యాప్ ఫోటోతో పాటు. సిట్టాంగ్ వంతెన దగ్గరున్న మోక్‌పాలిన్ ఊరి రోడ్డు మీ మ్యాప్‌లో ఎలా గీశారో చూడాలి.

అక్కయ్యని అడిగానని చెప్పు.

మీ మామయ్య