రెండో చేతికి పని ఉందా?

బ్రాడీపేట, గుంటూరు

అమ్మడూ,

విజయవాడలో నీ ల్యాబ్ పని మొదలైందని మీ నాన్న చెప్పాడు. ఒకే యాంటీబాడీ, అంటే Y ఆకారపు రక్షణ ప్రోటీన్, తన రెండు చేతులతో రెండు వేర్వేరు ప్రోటీన్లను పట్టుకుని, కణితికి రక్తనాళాలు రాకుండా ఆపాలి. అంతేగా? నా ఉద్యోగమంతా రక్తనాళాల కణాలతోనే గడిచింది కాబట్టి నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

రక్తం అందకపోతే కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగదని అమెరికా సర్జన్ జూడా ఫోక్‌మన్ 1971లో రాశాడు. కొత్త నాళాలను పిలిచే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను పట్టేసే బెవాసిజుమాబ్ అనే యాంటీబాడీ మందుకు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. మందు పనిచేస్తుంది, కానీ కొన్నాళ్లకు కణితి వేరే దారి చూసుకుంటుంది. బ్యారేజీ దగ్గర బందరు కాలువ కట్టేస్తే ఏలూరు కాలువకు నీళ్లు పెరిగినట్టే. అలాంటి దారుల్లో యాంజియోపాయిటిన్-2 అనే ప్రోటీన్ ఒకటి. నాళం గోడను వదులు చేసి కొత్త కొమ్మకు చోటిస్తుంది.

ఈ రెంటినీ పట్టే వానుసిజుమాబ్ అనే యాంటీబాడీ పెద్దపేగు క్యాన్సర్ ట్రయల్‌లో బెవాసిజుమాబ్‌ను మించలేదు. ఇదే జంటను పట్టే ఫారిసిమాబ్‌కు 2022లో రెటీనా జబ్బులకు అనుమతి వచ్చింది. లక్ష్యాలు అవే, జబ్బు వేరు. అందుకే రెండో లక్ష్యాన్ని పరిశోధన పేపర్లో బొమ్మ చూసి ఎంచుకోకు. రోగుల కణితి ముక్కల్లో అది నిజంగా ఉందా లేదా ముందు చూడు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. నీ అణువును విడి యాంటీబాడీలతో పోల్చి ఊరుకోకు. ఆ రెండూ కలిపిన మిశ్రమంతో పోల్చు, అదీ మోలార్ లెక్కన, అంటే బరువుతో కాదు, అణువుల సంఖ్యతో. మిశ్రమం కూడా అంతే పనిచేస్తే, రెంటినీ ఒకే అణువులో కట్టడానికి అంత కష్టపడటం దేనికి? నేను ఒకసారి ఆ మిశ్రమం గిన్నె పెట్టకుండా ఎనిమిది నెలలు పనిచేశాను. మా గురువుగారు అడిగిన మొదటి ప్రశ్నే అది. అన్నీ మళ్లీ చేయాల్సి వచ్చింది.

యాంటీబాడీ భారీ, తేలిక అనే ప్రోటీన్ గొలుసులు జతకడితే తయారవుతుంది. నీ దానికి కావలసిన రెండు రకాల భారీ గొలుసులు, రెండు రకాల తేలిక గొలుసులు ఒకే కణంలో తయారైతే 10 రకాల అణువులు పుట్టొచ్చు, వాటిలో నీకు కావలసింది ఒక్కటే. శుద్ధి చేశాక ఏది ఎంత ఉందో తేలకుండా కణాల మీద వేయకు.

ఎలుకల దగ్గరా జాగ్రత్త. బెవాసిజుమాబ్ ఎలుక వీఈజీఎఫ్‌ను సరిగా పట్టుకోదు. మనిషి కణితిని ఎలుకలో పెంచినా, దాని చుట్టూ అల్లుకునే కణాలు ఎలుకవే, అవి వదిలేదీ ఎలుక వీఈజీఎఫే. నీ అణువు ఎలుక ప్రోటీన్లను పట్టుకుంటుందో లేదో ముందే తేల్చుకో.

ఇక మ్యాట్రిజెల్, అదే కణాల కింద పరిచే జెల్. చల్లగా ఉంటేనే ద్రవంగా ఉంటుంది, మన ఎండల్లో అది పిపెట్ టిప్‌లోనే గడ్డకడుతుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఐస్ మీద కరగనివ్వు, టిప్‌లు, ప్లేటు కూడా చల్లబెట్టు. దాని మీద బొడ్డుతాడు రక్తనాళాల నుంచి తీసిన కణాలు వేస్తే కొన్ని గంటల్లో సాగి, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని తేనెపట్టులా గళ్లు అల్లుతాయి. మర్నాటికి ఆ గళ్లు వాటంతటవే తెగిపోతాయి. ఆలస్యంగా ఫోటో తీసి మందే తెంపిందనుకునేవు! ప్రతిసారీ ఒకే గంటకు తియ్యి. ఆ కణాలు ఏ తల్లో ప్రసవం రోజున ఒప్పుకుని ఇచ్చినవి, ఒక్క గిన్నె కూడా వృథా చేయకు.

ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు నాలుగు గిన్నెల ఫోటోలూ తీసుకురా: విడి యాంటీబాడీలు రెండు, వాటి మిశ్రమం, నీ అణువు. ఏది ఏదో వెనకవైపు రాసుకో, నాకు చెప్పకు. గళ్లు నేను లెక్కపెడతాను.

నీ అత్తయ్య